బోరు బిట్టులో నువ్వుండ!

ఊళ్లో బోరు వేస్తుంటే ఎప్పుడైనా గమనించారా? బిట్టు ముఖం మీద గుండ్రని బుడిపెలుంటాయి. నల్లరాతిని పిండి చేసేవి అవే. మరి అంత గట్టి ముక్కల్ని ఎలా పోతపోస్తారు?

అసలు పోత పోయరు! అవి టంగ్‌స్టన్ కార్బైడ్‌వి. అది కరగాలంటే సుమారు 2,800 డిగ్రీల వేడి కావాలి. అందుకే దాని మెత్తని పొడిలో కొద్దిగా కోబాల్ట్ పొడి కలిపి, అచ్చులో నొక్కి, దాదాపు 1,400 డిగ్రీల కొలిమిలో పెడతారు. అక్కడ కోబాల్ట్ కరిగి, బెల్లం పాకం నువ్వుల్ని పట్టుకున్నట్టు, రేణువుల్ని దగ్గరకు లాగుతుంది. సందులన్నీ మూసుకుపోయి, ముక్క పొడవు దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. కాబట్టి అచ్చును ముందే పెద్దగా చేస్తారు. దీన్నే సింటరింగ్ అంటారు.

1923లో బెర్లిన్‌లోని ఓస్రామ్ బల్బుల కంపెనీలో కార్ల్ ష్రోటర్ దీన్ని రూపొందించారు. బల్బుల్లోని సన్నని తీగను లాగడానికి వాడే వజ్రపు అచ్చులు మరీ ఖరీదు కావడమే కారణం. తర్వాత క్రుప్ సంస్థ దీన్ని ‘విడియా’ పేరుతో అమ్మింది. జర్మన్‌లో ‘వజ్రంలాంటిది’ అని అర్థం.

అరిగిన బుడిపెల్ని సానపట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. కోబాల్ట్ కలిసిన ఆ ధూళి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పొడిగా కాకుండా నీళ్లు పోస్తూ సానపట్టాలి, ధూళిని ఆపే మాస్కు పెట్టుకోవాలి. మీ ఇంట్లో రిగ్గు మీద పనిచేసేవారుంటే ఈ మాట చెప్పండి. దగ్గు, ఆయాసం వదలకపోతే, డాక్టరుకు తాము చేసే పనేమిటో తప్పక చెప్పమనండి.