చోటు లేదా, మనసు లేదా?

మన నేవీలో 2023లో ఒక యుద్ధనౌకకి మహిళను కమాండింగ్ ఆఫీసర్‌గా వేశారు. సంతోషం. కానీ సబ్‌మెరైన్ సిబ్బందిలో మాత్రం ఆడవాళ్ళు లేరు. ఎందుకని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు, "లోపల చోటు లేదు." ఆ జవాబుని నేను ఒప్పుకోను.

చోటు తక్కువన్నది నిజమే. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా చూసినవాళ్ళకి తెలుసు. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన డీజిల్-ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్ అది. డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు చార్జ్ చేసుకుని, లోతుకి మునిగాక వాటి మీదే నడిచేది. ఇంజన్లు, బ్యాటరీలు, టార్పిడోలు పోగా మనుషులకి మిగిలింది సందులాంటి దారి, ఒకదానిపై ఒకటి ఇరుకు పడకలు. మేం చూడ్డానికి వెళ్ళినప్పుడు వెనకనుంచి ఒకాయన, "ఇందులో ఆడోళ్ళెలాగుంటారు?" అన్నారు. మా అమ్మ ఒడియాలో మెల్లిగా అంది, "మన వంటిల్లు ఇంతకన్నా పెద్దదా ఏంటి?" అని.

ఇప్పుడు నార్వే సంగతి చూడండి. వాళ్ళు 1960లలో జర్మనీలో కొబ్బెన్ తరగతి డీజిల్-ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్లు 15 కట్టించుకున్నారు. కుర్సురా పొడవు 91 మీటర్లు. కొబ్బెన్ సుమారు 47, అంటే దాదాపు సగం. అయినా 1985లోనే నార్వే సబ్‌మెరైన్లలోకి ఆడవాళ్ళని రానిచ్చింది. 1995లో సోల్వెయిగ్ క్రే అనే ఆవిడ కొబ్బెన్‌కే కమాండర్ అయ్యారు. ప్రపంచంలో సబ్‌మెరైన్‌ని నడిపించిన మొదటి మహిళా కమాండర్ ఆవిడే. అంత చిన్నదాంట్లో దొరికిన చోటు పెద్దవాటిలో దొరకదా?

బాత్రూములు, పడకల ఇబ్బంది ఉంటుంది, కాదనను. పాతవాటిలో మార్పులు చెయ్యడం కష్టం కావచ్చు. కానీ ఇకముందు కట్టబోయేవాటికి ప్లాను గీసేటప్పుడే ఆ ఏర్పాటు చెయ్యొచ్చు కదా. ఇక ప్రమాదం అంటారా, 2013లో ముంబైలో సింధురక్షక్ పేలి 18 మంది పోయారు. ఆ పనిలోకి వెళ్ళే మగవాళ్ళకీ ప్రాణం ఒక్కటే, వాళ్ళు తెలిసే వెళ్తున్నారు. తెలిసి వెళ్ళే హక్కు ఆడవాళ్ళకీ ఉండాలి.

నిజం చెప్పాలంటే నాకు లిఫ్ట్‌లోనే ఊపిరాడదు. నేనైతే వెళ్ళను. కానీ వెళ్ళకపోవడం నా ఇష్టం అవ్వాలి, ఎవరో పెట్టిన అడ్డు అవ్వకూడదు. మన క్లాసులో ఎన్.సి.సి. యూనిఫాం వేసుకునే అమ్మాయిలున్నారు. పరీక్ష పెట్టండి, ఫెయిలైతే ఇంటికొస్తారు. పరీక్షే పెట్టకుండా ఫెయిల్ చెయ్యడం ఏం న్యాయం?