నష్టం ఏది, బాధ్యత ఏది? – బిఎస్‌ఎన్‌ఎల్ పద్దును విడదీసి చూడవలసిన వేళ

2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ బిఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జి సేవలను దేశానికి అంకితం చేశారు. సుమారు రూ. 37 వేల కోట్ల వ్యయంతో 97,500కు పైగా 4జి టవర్లు నెలకొల్పినట్లు ఆ సందర్భంగా ప్రకటించారు. దేశంలో మొట్టమొదటి 4జి సేవ కోల్‌కతాలో 2012 ఏప్రిల్‌లోనే ఒక ప్రైవేటు సంస్థ ద్వారా ఆరంభమైందన్న సంగతి గుర్తుచేసుకుంటే, ప్రభుత్వరంగ సంస్థ పదమూడేళ్ళు ఆలస్యంగా గమ్యం చేరిందని అర్థమవుతుంది. ఈ మధ్యకాలంలో ఆ సంస్థను నిలబెట్టేందుకు కేంద్రం మూడు విడతలుగా ప్రకటించిన సహాయం విలువ సుమారు రూ. 3.22 లక్షల కోట్లు.

ఇంత ప్రజాధనం ఎందుకు? ఈ ప్రశ్నకు మన మధ్య రెండు జవాబులు వినిపిస్తుంటాయి. చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నారనేది ఒకటి. పేదవాడి ఫోను కనుక ఎంతైనా ఇవ్వవలసిందేననేది మరొకటి. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ రెండూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. ఆ మూడు లక్షల కోట్లను ఒకే మొత్తంగా చూస్తున్నాయి. విడదీసి చూస్తే అందులో మూడు వేర్వేరు పద్దులు ఉన్నాయి: సేవకు ఇచ్చిన వెల, ప్రభుత్వం తాను చేసిన పొరపాట్లకు కట్టిన మూల్యం, వ్యాపార నష్టానికి పూడిక. ఈ మూడింటినీ కలిపివేయడం వల్ల సంస్థకూ నష్టమే, పన్ను కట్టే పౌరునికీ నష్టమే. అందరికంటే ఎక్కువగా నష్టపోయేది మనవంటి సరిహద్దు ప్రాంతాలవారు.

లాభాల నుంచి నష్టాలకు

టెలికాం శాఖ నుంచి విడివడి 2000 అక్టోబరు 1న బిఎస్‌ఎన్‌ఎల్ పని ప్రారంభించింది. 2004-05లో దాని నికర లాభం రూ. 10 వేల కోట్లు దాటింది. ఆ లాభంలో ఒక రహస్యముంది. పల్లెల్లో తక్కువ అద్దెకు ల్యాండ్‌లైన్లు నడపడం వల్ల కలిగే లోటు భర్తీకై 2003 నుంచి ఇతర సంస్థలు ఏడీసీ అనే రుసుము చెల్లించేవి. 2008లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. బదులుగా ఇచ్చిన గ్రామీణ సహాయం కూడా 2011తో ముగిసింది. పల్లె లైన్లను నడిపే బాధ్యత మాత్రం ముగియలేదు.

2010లో మరొక భారం పడింది. 3జి, బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్‌కు వేలంలో ప్రైవేటు సంస్థలు పాడిన ధరనే బిఎస్‌ఎన్‌ఎల్ కూడా చెల్లించవలసి వచ్చింది. ఆ మొత్తం సుమారు రూ. 18,500 కోట్లు. ఏ సర్కిల్ కావాలో, ఏది వద్దో ఎంచుకునే స్వేచ్ఛ దానికి లేదు. తరువాత కొంత సొమ్ము తిరిగి వచ్చినా అప్పటికే చేతిలోని నిల్వ హరించుకుపోయింది. అదే ఏడాది 9.3 కోట్ల జీఎస్‌ఎం లైన్ల భారీ టెండరు రద్దయింది. 2009-10లో సంస్థ తొలిసారిగా నష్టాన్ని చవిచూసింది. ఆ ఏడు రూ. 1,823 కోట్లు; మరుసటి ఏడు రూ. 6 వేల కోట్ల పైమాట.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు నేలకు దిగాయి. అప్పటికి బిఎస్‌ఎన్‌ఎల్‌కు 4జి స్పెక్ట్రమే లేదు. దానిని కేటాయించాలన్న నిర్ణయం 2019 అక్టోబరులో గాని వెలువడలేదు. ఆపై 2020లో చైనా పరికరాలపై అభ్యంతరాల నేపథ్యంలో 4జి టెండరు మళ్ళీ రద్దయింది. దేశీయ పరిజ్ఞానంతోనే కట్టాలన్న విధానం ఖరారై, టీసీఎస్, తేజస్, సీ-డాట్‌ల కూటమి సామగ్రికి 2023లో ఆర్డరు దక్కింది. స్వదేశీ పరిజ్ఞానం దేశానికి అవసరమే. అయితే ఆ నిర్ణయం దేశం కోసం తీసుకున్నది. దాని మూలంగా కోల్పోయిన ఖాతాదారులు మాత్రం ఒక్క బిఎస్‌ఎన్‌ఎల్ లెక్కలో నష్టంగా నమోదయ్యారు.

ఇందులో సంస్థ స్వయంకృతం లేదని కాదు. 2018-19 నాటికి ఆదాయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు జీతభత్యాలకే పోయేది. చెడిపోయిన లైను బాగుచేయడానికి వారాలు పట్టిన అనుభవం ఎవరికి లేదు? ప్రైవేటు పోటీదారులు ఇంటి ముందుకు వస్తున్న రోజుల్లో ఖాతాదారుని కార్యాలయం చుట్టూ తిప్పుకున్న తీరు కూడా ఈ పతనానికి ఒక కారణమే.

మూడు ప్యాకేజీలు – లోపల ఏముంది?

2019 అక్టోబరు నాటి మొదటి ప్యాకేజీ (సుమారు రూ. 69 వేల కోట్లు, ఎంటిఎన్ఎల్‌తో కలిపి) ప్రధానంగా స్వచ్ఛంద పదవీ విరమణకు, 4జి స్పెక్ట్రమ్‌కు, అప్పుల పునర్వ్యవస్థీకరణకు ఉద్దేశించినది. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా బిఎస్‌ఎన్‌ఎల్ ఉద్యోగులు విరమించారు. జీతాల భారం దిగింది. దానితోపాటు స్తంభం ఎక్కి తీగ సరిచేసే అనుభవజ్ఞుడు కూడా వెళ్ళిపోయాడు.

2022 జూలైలో వచ్చిన రెండవ ప్యాకేజీ రూ. 1.64 లక్షల కోట్లు. పత్రికల పతాక శీర్షికల్లో ఈ అంకె మాత్రమే కనిపించింది. ఇందులో నగదు రూపంలో ఇచ్చేది సుమారు రూ. 44 వేల కోట్లే. మిగిలినది స్పెక్ట్రమ్ విలువ, పాత బకాయిలను వాటాలుగా మార్చడం, అప్పులకు ప్రభుత్వ హామీ వంటివి. 2023 జూన్ నాటి మూడవ ప్యాకేజీ రూ. 89,047 కోట్లు. అది దాదాపు పూర్తిగా 4జి, 5జి స్పెక్ట్రమ్ కేటాయింపు. ప్రభుత్వం తన కుడిచేతితో ఇచ్చి ఎడమచేతితో పుచ్చుకున్న లెక్క అది. అలాగని దీనిని వట్టి కాగితపు లెక్కగా కొట్టివేయలేము. ఆ తరంగాలను మరొకరికి అమ్మి ఉంటే ఖజానాకు ఎంతో కొంత ఆదాయం సమకూరేది. కాకపోతే, నగదునూ కేటాయింపునూ కలిపి ‘ఇన్ని లక్షల కోట్లు ముంచారు’ అనడం సరికాదు.

రెండవ ప్యాకేజీలో అంతగా చర్చకు రాని ఒక పద్దు ఉంది. 2014-15 నుంచి 2019-20 వరకు గిట్టుబాటు కాని గ్రామీణ ల్యాండ్‌లైన్లను నడిపినందుకు రూ. 13,789 కోట్లు బిఎస్‌ఎన్‌ఎల్‌కు చెల్లించాలని కేంద్రం నిర్ణయించింది. అంటే, ఆ ఆరేళ్ళూ సంస్థను ‘నష్టాల సంస్థ’ అని నిందించిన తరువాత, అందులో ఒక భాగం నష్టం కాదనీ, తాము చేయించుకున్న పనికి తాము ఇవ్వని కూలి అనీ ప్రభుత్వమే అంగీకరించిందన్నమాట. ఆ సొమ్ము ఏ ఏడుకు ఆ ఏడు అంది ఉంటే కొన్ని టవర్లయినా సకాలంలో లేచి ఉండేవి కావా?

పాఠశాల లెక్క వేరు, దుకాణం లెక్క వేరు

నేను ఉపాధ్యాయుడిని కనుక నాకు తెలిసిన పోలిక చెబుతాను. కొండ మీది ఊరిలో ఇరవై మంది పిల్లలున్న ప్రభుత్వ పాఠశాలకు ఈ ఏడు ఎంత నష్టం వచ్చిందని ఎవరూ అడగరు. ఎంత ఖర్చయింది, పిల్లలకు చదువు వచ్చిందా అని అడుగుతారు. అలా అడగడమే న్యాయం. దుకాణదారుని అడగవలసినది లాభనష్టాలు. బిఎస్‌ఎన్‌ఎల్ సగం పాఠశాల, సగం దుకాణం. విశాఖపట్నంలోనో బెంగుళూరులోనో ప్రైవేటు సంస్థలతో పోటీపడి ప్లాన్లు అమ్మేటప్పుడు అది దుకాణం. మల్కన్‌గిరి, గడ్చిరోలి అడవుల్లో టవరు నడిపేటప్పుడు అది పాఠశాల. రెండింటికీ ఒకే పద్దు పుస్తకం ఉంచితే పట్టణంలోని అసమర్థత పల్లె పేరు చెప్పుకొని దాక్కుంటుంది. పల్లె సేవ పట్టణపు నష్టంతో కలిసి అపకీర్తి పాలవుతుంది.

సేవకు వెల కట్టడం అసాధ్యమేమీ కాదు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్‌లలోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో సిగ్నలు లేని 7,287 గ్రామాలకు 4జి అందించేందుకు కేంద్ర మంత్రివర్గం రూ. 6,466 కోట్లు మంజూరు చేసింది. ఐదేళ్ళ నిర్వహణ ఖర్చు కూడా అందులోనే ఉంది. పనిని బహిరంగ పోటీ టెండరు ద్వారా అప్పగించాలన్నారు. సగటున గ్రామానికి సుమారు రూ. 89 లక్షలు. ఇలా వెల తెలిసినప్పుడు, ఎవరు ఎంత బాగా, ఎంత తక్కువకు చేయగలరో పోల్చడం సాధ్యమవుతుంది. 2022లో దేశంలోని 24,680 గ్రామాలకు 4జి చేర్చే రూ. 26,316 కోట్ల పథకాన్ని బిఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించారు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో అది నడుపుతున్న 2,343 చోట్ల 2జిని 4జిగా మార్చే పనికీ అదే ఏడాది ఆమోదం లభించింది. ఇవి సహాయాలు కావు, పని ఒప్పందాలు. వీటిని సంస్థ మనుగడకిచ్చే సొమ్ముతో కలిపి లెక్కించకూడదు.

ప్రజాధనం ప్రభుత్వ సంస్థకే పోతున్నదనుకోవడం కూడా పొరపాటే. 2025 ఏప్రిల్‌లో వొడాఫోన్ ఐడియా చెల్లించవలసిన రూ. 36,950 కోట్ల స్పెక్ట్రమ్ బకాయిలను కేంద్రం వాటాలుగా మార్చుకుంది. దానితో ఆ ప్రైవేటు సంస్థలో ప్రభుత్వ వాటా 48.99 శాతానికి చేరింది. మార్కెట్లో రెండే సంస్థలు మిగిలితే ధరలు ఎటు పోతాయోనన్న భయమే దీనికి ఒక కారణమని విశ్లేషకుల భావన. ఆ భయం నిరాధారం కాదు. 2024 జూలైలో మూడు ప్రైవేటు సంస్థలూ ఒకేసారి ధరలు పెంచినప్పుడు లక్షలాది మంది బిఎస్‌ఎన్‌ఎల్ వైపు మళ్ళారు. ఆ ప్రవాహం కొన్ని నెలలకే తగ్గిపోయింది. చవక ధర ఖాతాదారుని రప్పిస్తుందే గాని, సిగ్నలు లేకపోతే నిలుపలేదు.

సరిహద్దువారికి దీనితో ఏమి పని?

పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి నడిచి వెళ్ళవచ్చు. మహేంద్రతనయ ఇరువైపులా ఒకే కుటుంబాలు, ఒకే పెళ్ళి పిలుపులు. కానీ టెలికాం పటంలో అవి రెండు సర్కిళ్ళు. సెల్‌ఫోను పొరుగు టవరును అందుకోగానే రోమింగు రుసుము పడిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. 2006 మార్చి 1 నుంచి దేశంలో ఏ మూలకైనా నిమిషానికి ఒక రూపాయి అన్న ‘వన్ ఇండియా’ పథకం తెచ్చినవి ప్రభుత్వ సంస్థలే. 2015 జూన్ 15 నుంచి దేశమంతటా రోమింగులో వచ్చే కాల్స్‌ను బిఎస్‌ఎన్‌ఎల్ ఉచితం చేసింది. పెద్ద ప్రైవేటు సంస్థలు ఆ బాట పట్టడానికి మరి ఏడాదికి పైగా పట్టింది. బళ్ళారి, హోసూరు, రాయగడ, సిరోంచ, యానాం వాసులకు ఈ రెండు నిర్ణయాలు చేసిన మేలు ఏ లాభనష్టాల పట్టికలోనూ కనిపించదు.

2020-21లో బడులు మూతపడినప్పుడు పాఠం వినడానికి పిల్లలు సిగ్నలు కోసం కొండ ఎక్కి కూర్చోవడం చూశాను. అది ఏ సంస్థ సిగ్నలన్నది ఇక్కడ అప్రస్తుతం. సొంత రాష్ట్రం వెలుపల తెలుగు చదివే పిల్లవానికి పాఠ్యపుస్తకం సమయానికి అందకపోతే ఫోనులో దించుకోవడమే దారి. సిగ్నలు లేకపోతే ఆ దారీ లేదు. సిగ్నలు లేని గ్రామాల జాబితాలు రాష్ట్రాలవారీగా, జిల్లాలవారీగా తయారవుతాయి. పొరుగు రాష్ట్రపు టవరు నుంచి సన్నని సిగ్నలు తగిలే ఊరు జాబితాలో ‘సౌకర్యం ఉన్నట్లే’ లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. తరంగానికి సరిహద్దు తెలియదు. దస్త్రానికి సరిహద్దు తప్ప మరొకటి తెలియదు.

ఏమి అడగాలి?

2023-24లో రూ. 5,370 కోట్లున్న బిఎస్‌ఎన్‌ఎల్ నష్టం 2024-25లో రూ. 2,247 కోట్లకు తగ్గింది. ఆ ఏడాది చివరి రెండు త్రైమాసికాల్లో లాభం కూడా కనబడింది. పదిహేడేళ్ళ తరువాత లాభమని సంబరాలు జరిగాయి. 2025-26 మొదటి త్రైమాసికంలో మళ్ళీ రూ. 1,049 కోట్లు, రెండవ దానిలో రూ. 1,357 కోట్ల నష్టం వచ్చింది. కొత్త టవర్ల తరుగుదల ఖర్చు ఇకపై ఏటా లెక్కలో పడుతూనే ఉంటుంది. కనుక నాలుగవ ప్యాకేజీ మాట వినిపించినా ఆశ్చర్యపడనవసరం లేదు. అప్పుడు ‘ఇవ్వాలా వద్దా’ అని వాదించుకునే ముందు మనం అడగవలసినవి మూడున్నాయి.

మొదటిది, గిట్టుబాటు కాని సేవకూ, పోటీ వ్యాపారానికీ వేర్వేరు పద్దులు ఉండాలి. సేవకు అయ్యే ఖర్చును డిజిటల్ భారత్ నిధి నుంచి ఏ ఏడుకు ఆ ఏడు చెల్లించాలి. ఆరేళ్ళ కూలిని ఒకేసారి ‘సహాయం’ పేరుతో ఇవ్వకూడదు. రెండవది, వ్యాపార విభాగానికి ఇచ్చే ప్రతి రూపాయికీ గడువు, లక్ష్యం ఉండాలి. గడువు దాటితే బాధ్యులెవరో పార్లమెంటుకు చెప్పాలి. మూడవది, ఏ పంచాయతీలో ఏ టవరు పనిచేస్తున్నదో, నెలలో ఎన్ని గంటలు ఆగిపోయిందో ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి. సరిహద్దు గ్రామాలను రెండు సర్కిళ్ళ అధికారులూ కలిసి సర్వే చేయాలి.

ఈ మూడవ కోరికకు కొత్త చట్టమేమీ అక్కరలేదు. ఎంపీలు సభ్యులుగా ఉండే టెలికాం సలహా సంఘాలు ఉన్నాయి, గ్రామసభలు ఉన్నాయి. మన ఊరి పేరు సిగ్నలున్న గ్రామాల జాబితాలో ఉందా, లేని గ్రామాల జాబితాలో ఉందా, అసలు ఏ జాబితాలోనూ లేదా? ఈ ఒక్క సంగతి ప్రతి సరిహద్దు పంచాయతీ వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొంటే, మూడు లక్షల కోట్ల లెక్కలో మన వంతు ఎంతో తేలుతుంది.