ఏ పుస్తకము చదువవలెను?

సెలవులలో ఏ పుస్తకము చదువవలెనని ఒక బాలుడు అడిగినచో పెద్దలు పలువిధములుగా సమాధానము చెప్పుదురు. తండ్రి ఇంగ్లీషు వ్యాకరణము చదువుమనును. తాతగారు నీతికథల పుస్తకమును చూపుదురు. పొరుగింటివారు రాబోవు పోటీ పరీక్షకు పనికివచ్చు ప్రశ్నల పుస్తకమును కొనుమందురు. ఈ సలహాలన్నియు బాలుని మేలు కోరి ఇచ్చినవే. అయినను ఆ బాలునికి ఏ విషయములయం దిష్టము కలదో వీరిలో ఒక్కరును అడుగరు. పుస్తకము మంచిదా కాదా యని ఆలోచింతురే గాని, అది ఈ బాలునికి తగినదా యని ఆలోచింపరు. పుస్తకములను సూచించుటలో సాధారణముగా జరుగు లోపము ఇదియే.

మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పునాదులు వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు మొదట గణితోపాధ్యాయులు. 1924లో వారు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిరి. 1931లో వారు గ్రంథాలయములకు ఐదు సూత్రములను ప్రకటించిరి. వానిలో రెండు ఈ సందర్భమున తలపదగినవి. చదువరి యెవరైనను వారికి తగిన పుస్తకము ఒకటి యుండునని మొదటిదాని భావము. పుస్తక మేదైనను దానికి తగిన చదువరి యుండునని రెండవదాని భావము. ఆ ఇరువురిని కలుపుటయే పుస్తకమును సూచించువాని పని.

మైకేల్ ఫారడే చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము. అతడు ఇంగ్లండులో ఒక పేద కమ్మరి కుమారుడు. బడిలో నేర్చినది స్వల్పము. 1805లో, పదునాలుగేండ్ల ప్రాయమున, లండను నగరములో పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొనుటకై చేరెను. కట్టుటకు వచ్చిన పుస్తకములను తీరిక వేళల చదువుచుండెను. వానిలో జేన్ మార్సెట్ అను విదుషీమణి రచించిన రసాయనశాస్త్ర గ్రంథ మొకటి. ఒక గురువమ్మయు, ఇద్దరు బాలికలును మాటలాడుకొనునట్లు ఆమె ఆ శాస్త్రమును వివరించెను. అది ముఖ్యముగా స్త్రీల నుద్దేశించి వ్రాయబడినది. ఎవరికొరకు వ్రాసిరో వారికే ఇవ్వవలెనను నియమ మున్నచో ఆ పుస్తకము దుకాణములోని పనిపిల్లవాని చేతికి వచ్చెడిది కాదు. ఫారడే అందలి విషయములను తన శక్తికి తగిన చిన్న ప్రయోగములతో పరీక్షించి చూచెను. 1831లో అతడు విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెను. నేటి విద్యుత్కేంద్రములలో తిరుగు జనరేటర్లకు ఆ సూత్రమే ఆధారము. కీర్తి వచ్చిన పిమ్మటను అతడు ఆ రచయిత్రి తనకు చేసిన మేలును మరువలేదు.

మన గాంధీజీ బాల్యములోను ఇట్టి సంగతి కలదు. పాఠ్యపుస్తకములు గాక మరి వేనిని చదువుటకును తమకు అప్పుడు ఇష్టముండెడిది కాదని వారు తమ ఆత్మకథలో తెలిపిరి. అట్టి బాలుని దృష్టి ఒకనాడు తండ్రి కొనియుంచిన పుస్తకముపై పడెను. అది శ్రవణుని పితృభక్తిని గూర్చిన నాటకము. దానిని వారు మిక్కిలి ఆసక్తితో చదివిరి. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణుని రూపము వారి మనస్సున చెరగని ముద్ర వేసెను. ఆ తండ్రి పుస్తకమును కొని, కుమారుని కంటబడుచోట ఉంచెను. అంతమాత్రమే చాలినది.

ఈ సత్యమును ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నడిపిన పెద్దలు బాగుగా గ్రహించిరి. 1935లో వారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ప్రయాణికులకు అందించిరి. చదువరి పుస్తకము నొద్దకు రాలేనిచో పుస్తకమే చదువరి నొద్దకు పోవలెనని వారి ఉద్దేశము. నేడు ఎన్నో పాఠశాలలలో పుస్తకములు లేకపోలేదు. అవి బీరువాలలో తాళము వెనుక ఉన్నవి. పిల్లలు చింపుదురని భయము. కాని పదిమంది చదువగా చిరిగిన పుస్తకము తన పని తాను చేసినది. ఎవరును చదువక చెదలు తిన్న పుస్తకమే నిజమైన నష్టము.

స్వేచ్ఛ ఇచ్చినచో పిల్లలు కథలను తప్ప మరేమియు ముట్టరని కొందరందురు. కథలతో ఆరంభించుట దోషము కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు స్థాపించిన ‘చందమామ’ ఇప్పుడు వెలువడుట లేదు; అయినను బేతాళ కథల కొరకు నెలనెలా దానికై ఎదురుచూచుచు తెలుగు చదువుట మరిగినవారు ప్రతి ఊరను ఉన్నారు. రుచి తెలిసిన పిమ్మట మెట్లు ఎక్కుట సులభము. నవ్వుట కిష్టపడు వారికి ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’ తగును. సాహసములను కోరువారికి నండూరి రామమోహనరావు గారు తెనిగించిన ‘కాంచన ద్వీపం’ ఉన్నది. రాత్రి ఆకాశమును చూచి ఆశ్చర్యపడు వారికి వారిదే ‘విశ్వరూపం’ కలదు. బడి అనిన విసుగు చెందువారు ‘రైలుబడి’ని చూడవచ్చును, పాత రైలుపెట్టెలలో తరగతులు నడిచిన జపాను పాఠశాల కథను అచ్చట చదివిన తెత్సుకో కురొయనాగి అందు చెప్పినది. ఇవి ఉదాహరణములు మాత్రమే; ఒకరికి నచ్చినది వేరొకరికి నచ్చకపోవచ్చును.

అయితే ఎంచుకొను స్వేచ్ఛతోపాటు విద్యార్థికి కొంత బాధ్యతయు కలదు. మొదటి పుట కష్టముగా నున్నదని పుస్తకమును మూయరాదు. ఇరువది ముప్పది పుటలైనను ఓపికతో చదివి చూడవలెను. అప్పటికిని మనసు పట్టనిచో సిగ్గుపడక దానిని ప్రక్కన పెట్టి వేరొకటి తీసికొనవచ్చును. ఒకే తీరు పుస్తకములు మూడు చదివిన పిమ్మట నాలుగవది వేరు తీరుదిగా చూచుకొనుట మంచిది. పరీక్షకై గైడు పుస్తకమును చదువుట తప్పు కాదు గాని, దాని ప్రయోజనము పరీక్షతో తీరిపోవును. ఈ వయస్సున అదియే సర్వస్వమని అలవాటు పడినవారు, పరీక్షలు ముగిసిన పిమ్మట పుస్తకమును తెరచుటకు కారణమే కానరు.

చదివినదానిని గూర్చి తోటివారికి చెప్పుట మరియొక మంచి అలవాటు. వారమున కొకసారి తరగతిలో ఒక విద్యార్థి నిలిచి, తాను చదివిన పుస్తకములో తనకు నచ్చినదియు, నచ్చనిదియు దాపరికము లేక రెండు నిమిషములు చెప్పిన చాలును. ఉపాధ్యాయుడు పది పేర్లు చెప్పినను కలుగని కోరిక, ప్రక్కన కూర్చుండు స్నేహితుని మాటవలన కలుగవచ్చును. ఆ కోరికతో విద్యార్థులు వచ్చినప్పుడు బీరువా తెరచి యుంచుట మాత్రము పెద్దల వంతు.