పర్దాదీ జుబాన్

పోయిన జుమ్మా రోజు మా అమ్మాయి ఫోన్‌లో ఒక పాట వింటూ అడిగింది: "అబ్బూ, ఈమె ఇంగ్లీషులో పాడుతూ పాడుతూ పల్లవి దగ్గర వేరే జుబాన్‌లోకి పోయింది, ఎందుకు?"

ఆ పాట పేరు '1944'. పాడింది జమాలా. 2016లో స్టాక్‌హోంలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో 534 పాయింట్లతో ఉక్రెయిన్‌ని గెలిపించింది. ఆ వేరే జుబాన్ క్రిమియా తాతార్లది. 1944 మే నెలలో స్టాలిన్ హుకుం మీద దాదాపు రెండు లక్షల మంది తాతార్ ముసల్మానులను గూడ్సు బండ్లలో కుక్కి మధ్య ఆసియాకి తోలేశారు. జర్మన్లతో కుమ్మక్కయ్యారని ఇల్జామ్. జమాలా పర్దాదీ ఐదుగురు పిల్లలతో ఆ బండెక్కింది. దారిలోనే కూతురు చనిపోయింది. పల్లవిలోని మాటలు ఆ పర్దాదీ నోట విన్న జానపద గీతంలోవి.

1999 నుంచి ఆ పోటీలో ఏ జుబాన్‌లోనైనా పాడొచ్చు. జమాలా మొత్తం ఇంగ్లీషులోనే పాడినా అడిగేవారు లేరు. కానీ పర్దాదీ దర్ద్‌ని పర్దాదీ జుబాన్‌లోనే చెప్పింది.

ఇంగ్లీషుతో నాకు దుష్మనీ లేదు. 1974లో బ్రైటన్‌లో స్వీడన్ వాళ్లు, అబ్బా బృందం, 'వాటర్లూ'ని ఇంగ్లీషులో పాడే గెలిచారు, దునియా అంతా మెచ్చుకుంది. అదే రాత్రి పోర్చుగల్ గాయకుడు పౌలో ద కార్వాల్యు సొంత జుబాన్‌లో ఒక విరహగీతం పాడాడు. వచ్చినవి 3 పాయింట్లు, ఆఖరి స్థానం. మూడు వారాలు తిరక్కుండానే, ఏప్రిల్ 24 రాత్రి, లిస్బన్ రేడియోలో అదే పాట మోగింది. తిరుగుబాటు సైనికులకు అది మొదటి ఇషారా. ప్రేమపాటే కదా అని ఎవరికీ షక్ రాలేదు. మర్నాటికి దాదాపు 48 ఏళ్ల నియంతృత్వం కూలిపోయింది. పాట తాసీర్‌ని పాయింట్లతో తూచలేమని నేననేది ఇందుకే.

ఇక మన ఇళ్ల సంగతి. ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను, తెలుగు రాసి రోటీ తింటున్నాను. తెలుగు నీది కాదని ఎవరన్నా ఊరుకోను. కానీ మా అమ్మీ చెప్పే కహానీలు నా కూతురికి సగమే అర్థమవుతున్నాయి. కసూర్ నాదే. ఇంట్లో ఉర్దూ మాట్లాడితే బడిలో ఇంగ్లీషు వెనకబడుతుందని భయపడ్డాను. మీలోనూ చాలామంది భయపడ్డారని తెలుసు. బడి జుబాన్‌ని బడి నేర్పుతుంది. దాదీ జుబాన్‌ని మనం మాట్లాడకపోతే ఇంకెవరు నేర్పుతారు?

తాతార్లు కూడా వతన్‌ని వతన్ అనే అంటారని చెప్పాను. "అయితే అది మన లఫ్జే కదా" అంది.

మనదే బేటీ. నీకు ఇవ్వడమే మరిచాను.

ఆ రాత్రి ఇషా తర్వాత దాదీ దగ్గర కూర్చోబెట్టాను. కహానీ మధ్యలో అర్థం కాని మాటలు అడుగుతుంటే అమ్మీ విసుక్కోకుండా చెప్పింది. మీ ఇంట్లో దాదీగానీ నానీగానీ ఉంటే, మీరూ ఈ రాత్రే మొదలుపెట్టండి.