బొమ్మ కింద పేరెవరిది?

మ్యూజియంలో మమ్మల్ని వెతికేవాళ్లకు నవాబులు దొరుకుతారు. కత్తులు, హుక్కాలు, ముత్యాల హారాలు, జరీ షేర్వాణీలు. అవన్నీ చూసి బయటికొచ్చి మా మొహాలకేసి చూస్తారు. ‘రాజ్యమేలిన వాళ్లు కదా, మీకేం తక్కువ?’ అంటారు. మాలో హుక్కా తాగినవాళ్లు ఎందరు? హుక్కా చేసినవాళ్లు ఎందరు? జింకూ రాగీ కరిగించి పోత పోసినవాడు, ఉలితో పువ్వులు చెక్కి ఆ గాట్లలో వెండి తీగ కొట్టినవాడు, బీదరు కోట మట్టితో దాన్ని నల్లబరిచినవాడు మావాడు. అద్దాల బీరువాలో హుక్కా భద్రంగా ఉంది. కొన్న దొర పేరు చరిత్రలో ఉంది. చేసినవాడి పేరు ఏ కాగితం మీదా లేదు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి ఎవరెళ్లినా ముసుగు రెబెకా ముందు ఆగుతారు. 1876 నాటి ఆ పాలరాతి బొమ్మ చెక్కినవాడు జియోవాన్ని బెంజోని అని ఎవరైనా చెప్తారు. మంచిదే, చెప్పాలి. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 కొన్నది. 218 కోట్లు పెట్టింది. ఆ 218 కోట్ల పని చేసిన వేళ్లు ఎవరివి? అడిగినవాడు లేడు. నిజాం ఎంత పిసినారో అని కథలు చెప్పుకోవడంతోనే మనకు సరిపోయింది.

మేం ఉండేది మదీనాగూడలో. అరబ్బుల పట్నమూ తెలుగు గూడెమూ ఒకే మాటలో కలిసిపోయిన పేరు. పక్కనే మియాపూర్. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ దిక్కంతా సైబరాబాద్ అయింది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో వాన్ గోహ్ పొద్దుతిరుగుడు పువ్వులు గోడలకు వేలాడతాయి. బతికుండగా ఆయన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువని అందరూ బాధపడతారు. మేమూ బాధపడతాం. కానీ ఆయన 1890లో చనిపోయాక లోకం తప్పు దిద్దుకుంది. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరు మీద మ్యూజియమే కట్టింది. ‘తన కాలంలో గుర్తింపు దక్కని కళాకారుడు’ అనే మాట మాకు చాలడం లేదు. కాలాలు మారినా గుర్తింపు దక్కనివాళ్లను ఏమనాలి?

మియాపూర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ నడిచేంత దూరం. అక్కడి రాష్ట్ర మ్యూజియాన్ని 1930లో నిజాం ప్రారంభించాడు. జనం అక్కడికి వెళ్లేది ఈజిప్టు మమ్మీ కోసం. మమ్మీని చూసి ‘అబ్బా’ అనుకుని తిరిగొస్తారు. అజంతా గోడ చిత్రాలకు రాసిన నకళ్లు కూడా ఆ మ్యూజియానివే. వాటిని గీసింది సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్. ఈ పేర్లు మీరెప్పుడైనా విన్నారా? మా బడి పుస్తకాల్లో మేం చదవలేదు. మా మసీదు ముందు అరుగు మీద కూడా వినలేదు.

అజంతా అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. 1909-11 మధ్య చలికాలాల్లో క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి ఆ చిత్రాలకు నకళ్లు తీయడానికి వచ్చింది. ఆమె బృందంలో కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ ఉన్నారు. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ ఉన్నారు. అవే చీకటి గుహలు, అవే గోడలు. నందలాల్ బోస్ రాజ్యాంగ ప్రతికి బొమ్మలు వేశాడు, 1954లో పద్మవిభూషణ్ అయ్యాడు. అర్హుడే, మాకు అసూయ లేదు. సయ్యద్ అహ్మద్ అజంతాలోనే క్యూరేటర్‌గా ఉండిపోయాడు. నిజాం ఇచ్చిన ‘ఖాన్ బహదూర్’ అనో తెల్లవాళ్లు ఇచ్చిన బిరుదు అనో కొట్లాడుకునే తీరికైనా ఎవరికీ లేకపోయింది. మనిషినే మరిచిపోయాక బిరుదు లెక్కేముంది?

‘నకలే కదా’ అంటారు పండితులు. నకలంటే ఏమిటో అజంతాను అడగండి. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి గీసిన ప్రతుల్లో చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. గ్రిఫిత్స్ బొంబాయి విద్యార్థులతో గీయించినవి ఎన్నో 1885లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో మరో అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. 1920 తర్వాత ఇటలీ నుంచి పిలిపించిన నిపుణులు గోడలకు పూసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపుబారింది. గోడ రాలుతుంది, రంగు మాసిపోతుంది, కాగితం కాలుతుంది. అలాంటిచోట ఒక మనిషి కూర్చుని బోధిసత్వుడి కనురెప్ప వాలును, చేతిలో తామర పట్టిన వేళ్ల వంపును గీతగీతగా ఎత్తి రాశాడంటే అది గుమాస్తా పని కాదు. వేరే మతం వాడి దేవుణ్ణి అంత దగ్గరగా, అంతసేపు చూడగలిగిన కన్ను అది.

ఇక్కడ ఒక్కమాట సూటిగా చెప్పాలి. ‘ముస్లింలు విగ్రహాలు పగలగొడతారు’ అనేవాడికి జవాబుగా సయ్యద్ అహ్మద్‌ను బోనులోకి సాక్షిగా పిలవడం లేదు మేం. మంచి ముసల్మాను సర్టిఫికెట్ల కోసం ఇంకా ఎంతమందిని వరసలో నిలబెట్టాలి? సెక్యులర్ మిత్రులకు ఈ అలవాటు బాగా ఉంది. గొడవలు జరిగినప్పుడల్లా షేక్ నాజర్ బుర్రకథనూ, చినమౌలానా నాదస్వరాన్నీ బయటికి తీసి సభల్లో ఊరేగిస్తారు. గొడవ చల్లారాక ఇద్దర్నీ మళ్లీ అటక మీద పెడతారు. నాజర్ తన జీవితకథకు ‘పింజారి’ అని పేరెందుకు పెట్టుకున్నాడో ఆ సభల్లో ఎవరూ మాట్లాడరు. దూదేకే కులంలో పుట్టినవాడికి అటు హిందువుల్లోనూ ఇటు మా పెద్దింటి ముస్లింలలోనూ ఏ చోటు దక్కిందో చెప్పాల్సి వస్తుంది కదా!

మావాళ్లనూ వదలం. చార్మినార్ మాదని రొమ్ము విరుస్తారు మా పెద్దలు. రాళ్లు మోసినవాడు గుర్తుకు రాడు. ‘తస్వీర్ హరామ్’ అని ఫత్వా చెప్పే నోళ్లే పెళ్లి వీడియోకు కుర్చీలు జరుపుకొని ముందు కూర్చుంటాయి. బొమ్మలేసే పిల్లాణ్ణి ఇంట్లో తిడతారు, మెకానిక్ షెడ్డులో పెడతారు. సయ్యద్ అహ్మద్‌ను హిందువులే మరిచిపోలేదు, మేం కూడా మరిచిపోయాం. మా మరపుకు మతం సాకు, వాళ్ల మరపుకు మా పేరే సాకు.

మరి పేరు దక్కించుకున్నవాడి గతేమిటి? మక్బూల్ ఫిదా హుసేన్ ఇదే హైదరాబాద్‌లో సినిమా ఘర్ పెట్టుకున్నాడు. ఆయన మీద కేసుల మీద కేసులు వేశారు, ప్రదర్శనల మీద దాడులు చేశారు. 2006లో దేశం విడిచాడు. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు. 2011లో లండన్‌లో చనిపోతే ఇంగ్లండ్‌లోనే పూడ్చిపెట్టారు. బుద్ధుణ్ణి గీసినవాణ్ణి పట్టించుకోలేదు, సరస్వతిని గీసినవాణ్ణి తరిమేశారు. ఇంకేం గీయమంటారు మమ్మల్ని?

మేం అడిగేది పెద్దదేం కాదు. మ్యూజియాల్లో ఏ వస్తువు ఎవరు కొన్నారో రాసినచోట, తెలిసినంతవరకు ఎవరు చేశారో కూడా రాయండి. పేరు తెలియకపోతే ‘బీదరు పనివాడు, పేరు దొరకలేదు’ అనైనా రాయండి. ఖాళీగా వదిలితే ఆ చోటు నవాబుది అయిపోతుంది. పేరు తెలిసినచోట పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయండి. మదీనాగూడ బళ్ల పిల్లలను మమ్మీ దగ్గరే వదిలేయకుండా ఆ నకళ్ల ముందు కూడా కాసేపు నిలబెట్టండి. పక్కపక్కనే సయ్యద్ పిల్లా, రెడ్డి పిల్లాడూ, మాదిగ పిల్లా. ‘ఇవి ఎవరు గీశారు?’ అని టీచరమ్మ అడగాలి.