పనికి మనిషి కావాలి, ఆ మనిషికి ఇల్లు అక్కరలేదా?

గాజులరామారం పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ ఉంది. మందులు, ప్లాస్టిక్, ఇంజినీరింగ్ సామగ్రి తయారుచేసే చిన్న పరిశ్రమల గేట్లకు ‘పనివారు కావలెను’ అన్న బోర్డులు కనిపిస్తాయి. గేటు దాటి బస్తీల్లోకి వస్తే ఆ పనివారికే గది దొరకదు. ఇవి రెండు వేర్వేరు సమస్యలని యజమానులూ, పాలకులూ భావిస్తున్నారు. మా దృష్టిలో రెండూ ఒక్కటే.

దగ్గరలో ఇల్లు దొరకని కార్మికుడు పాతబస్తీ నుంచి రెండు బస్సులు మారి వస్తాడు. రాత్రి పదింటికి షిఫ్టు దిగితే షేర్ ఆటోయే గతి. జీతంలో కొంత దారి ఖర్చులకే పోతుంది. కొన్నాళ్లకు విసిగి పని మానేస్తాడు. యజమాని మరొకరిని వెతికి, మళ్లీ మొదటినుంచి పని నేర్పాలి. పెద్ద కంపెనీ సొంత బస్సు నడుపుకుంటుంది. పదిమందితో నడిచే షెడ్డుకు ఆ స్తోమత ఎక్కడిది?

ఇళ్లు తక్కువైనకొద్దీ ఇంటివారి ఎంపిక పెరుగుతుంది. ఆ ఎంపికలో మొదట వెనుదిరిగేది మనవాడే. టూలెట్ బోర్డు చూసి తలుపు తట్టిన యువకులతో మేమూ వెంట వెళ్లాము. అద్దె కుదిరింది, అడ్వాన్సు కుదిరింది. పేరు చెప్పగానే ‘నిన్ననే ఇచ్చేశాం’ అన్నారు. బోర్డు మాత్రం మరునాడూ అక్కడే ఉంది. ముస్లిములకు కోరుకున్న చోట ఇల్లు దొరకడం లేదన్న ఫిర్యాదును సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది.

‘ఇల్లు నాది, నా ఇష్టం’ అంటారు. దుకాణంలో, హోటల్లో మతాన్ని బట్టి ప్రవేశం నిరాకరించరాదని రాజ్యాంగం 15వ అధికరణలో స్పష్టంగా చెప్పింది. అద్దె ఇంటి గుమ్మాన్ని ఆ జాబితాలో పేర్కొనలేదు. ఒకే మతస్థులకు సభ్యత్వాన్ని పరిమితం చేసుకున్న గృహనిర్మాణ సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సైతం సమర్థించింది. ఈ లోటును చట్టసభలే పూడ్చాలి.

ఇక ప్రభుత్వం చేసిందేమిటి? 2023లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించింది. మంచిదే. కాని జీడిమెట్లలో పనిచేసేవాడికి సంగారెడ్డి జిల్లాలో ఇల్లిస్తే ఇల్లు మిగులుతుంది, ఉపాధి పోతుంది. 2025 సెప్టెంబరు 21న మా గాజులరామారంలోనే హైడ్రా 300 ఎకరాలకు పైగా ప్రభుత్వ భూమిలో ఆక్రమణలను తొలగించింది. ప్రభుత్వ భూమిని కాపాడవద్దని మేము అనము. కాని సామాన్లతో రోడ్డున పడిన పేద కుటుంబాలను అందరమూ చూశాము. ప్రత్యామ్నాయం చూపకుండా గూడు కూల్చడం న్యాయమా?

మా డిమాండ్లు మూడు. పారిశ్రామికవాడకు నడిచి వెళ్లగల దూరంలో ప్రభుత్వ భూమిపై కార్మికులకు అద్దె ఇళ్లు కట్టాలి. వాటి కేటాయింపు మతం చూడకుండా, బహిరంగంగా జరగాలి. అద్దెకిచ్చేటప్పుడు మత వివక్షను నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తేవాలి. ఫ్యాక్టరీ యజమానులు కూడా ఈ కోరికలపై సంతకం చేయాలి. నష్టం వారిది కూడా కదా!

ఇల్లున్న మన సోదరులకూ ఒక మాట. మన గదిని అద్దెకు ఇచ్చేటప్పుడు మనమూ పేరు, ఊరు, కులం అడిగి తలుపు మూస్తే, ఎదుటివారిని నిలదీసే హక్కు మనకు మిగలదు.