స్క్రీన్‌షాట్‌కి లైకులు వస్తాయి, పని మాత్రం కాన్ఫిగ్ ఫైల్‌తోనే

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మా రఘునాథపల్లి లాంటి ఊళ్లలో అన్న వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌తోనే తమ్ముడు కోడింగ్ మొదలుపెడతాడు. అది విండోస్ 11కి పనికిరాకపోతే లినక్స్ వేస్తాడు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఏ విండో మేనేజర్? తెర మీద విండోలు ఎక్కడ, ఎంత సైజులో, ఎలా కనిపించాలో చూసుకునేది అదే మరి.

అందం కావాలంటే 2022లో వచ్చిన హైపర్‌ల్యాండ్ ఉంది. గుండ్రటి మూలలు, బ్లర్, యానిమేషన్లు... చూడగానే మనసు లాగేస్తుంది. ఇటు 2009 నుంచి ఉన్న ఐ3 చూస్తే యానిమేషన్ లేదు, నీడ లేదు. విండోలు తెరను వాటాలేసుకుని పక్కపక్కన కూర్చుంటాయి. సెట్టింగ్స్ అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్‌లో.

ఇక్కడే చాలామంది "అందం కావాలా, ఫ్లెక్సిబిలిటీ కావాలా" అని వాదన పెడతారు. నా లెక్కలో అది తప్పు ప్రశ్న. హైపర్‌ల్యాండ్‌ని కూడా టెక్స్ట్ ఫైల్‌తోనే మార్చుకోవాలి. సోకులున్న కేడీఈ ప్లాస్మాలో కూడా 2023లో వచ్చిన 5.27 నుంచి సొంత టైలింగ్ ఉంది. అసలు ప్రశ్న వేరే: చెడిపోతే బాగుచేసేది ఎవరు?

ఐ3లో తెలుగు కీబోర్డ్ లేఅవుట్ కావాలంటే కమాండ్ మనమే రాసుకోవాలి. బ్రైట్‌నెస్ బటన్లకూ అంతే. ప్లాస్మాలో ఇదంతా నాలుగు క్లిక్‌ల పని. కానీ ఐ3లో ఒక్కసారి రాసిన ఫైల్ ఏళ్ల తరబడి నడుస్తుంది. రేపు వేలాండ్‌కి మారినా, స్వే ఆ ఫైల్‌ని దాదాపు అలాగే తీసుకుంటుంది. హైపర్‌ల్యాండ్‌లో వెర్షన్ మారితే పాత లైన్లు చెల్లకపోవడం మామూలే. సెమిస్టర్ పరీక్షల ముందు రోజు అప్‌డేట్ కొడితే అప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

నా ఓటు ఇదీ. ఇంట్లో అందరూ వాడే మెషిన్ అయితే ప్లాస్మా, మరీ పాతదైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ. చెల్లికి షార్ట్‌కట్‌లు నేర్పించే పని ఉండదు. మీ ఒక్కరిదే అయి, రోజంతా ఎడిటర్, టెర్మినల్, బ్రౌజర్ మధ్యే తిరిగేవాళ్లైతే ఐ3. హైపర్‌ల్యాండ్‌ని సెలవుల్లో సరదాగా ఆడుకోవడానికి ఉంచుకోండి. అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని లాగిన్ దగ్గర కావాల్సింది ఎంచుకోవచ్చు. వారం రోజులు ఐ3 వాడి చూడండి. చెయ్యి అలవాటు పడకపోతే ప్లాస్మా ఎక్కడికీ పోదు.